సంత ఊరి పాలబంధం

పోయిన నెలలో మా పక్క ఫ్లాటు వాళ్ళ కోడలు ప్రసవించిందంటే చూడడానికి ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళాను. లిఫ్టు దిగగానే ఎదురుగా గాజు తలుపు, దాని మీద ‘తల్లిపాల బ్యాంకు’ అని రంగురంగుల అక్షరాలు, లోపల ఫ్రిజ్‌లలో వరసగా చిన్న సీసాలు, ఒక్కో సీసాకి ఒక్కో అంకె. ఎవరి పాలు ఎవరి బిడ్డకి వెళుతున్నాయో తెలుస్తుందా అని అక్కడున్న పిల్ల డాక్టర్ని అడిగితే, తెలియనివ్వం ఆంటీ, అదే రూలు అని నవ్వింది. జీవితమంతా పురుళ్ళు పోసి రిటైరైనదాన్నని ఆ పిల్లకి తెలియదు, తెలిసినా ఆంటీ అనే పిలిచేదేమో. మంచి పనే చేస్తున్నారు, కాదనను. కానీ ఇంటికి వచ్చే దారంతా నాకు సౌదీలో మేము కాపురమున్న ఆ చిన్న కొండ ఊరే గుర్తొచ్చింది. అక్కడ ఒక బిడ్డ ఎవరి పాలు తాగాడన్నది ఊరంతటికీ తెలిసి తీరవలసిన సంగతి.

మన తరం వాళ్ళకి చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో గల్ఫు వెళ్ళడమంటే ఇంటి దగ్గర నుంచి ఉత్తరం వచ్చేసరికి అందులోని జ్వరం తగ్గిపోయి, పెళ్ళి అయిపోయి, అలకలు కూడా తీరిపోయి ఉండేవి. మా వారు మత్తు డాక్టరు. వృత్తి ప్రభావమో ఏమో, ఇంట్లో కూడా ఆయన మాట్లాడేది చాలా తక్కువ, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నిద్రపోయేవారు. మా ఇద్దరికీ ఒకే ప్రభుత్వాసుపత్రిలో ఉద్యోగమంటే ఎగిరి గంతేసి వెళ్ళాము. తాయిఫ్ నుంచి దక్షిణంగా కొండల మీద మూడు గంటల ప్రయాణం. సౌదీ అంటే ఇసక తప్ప మరేమీ ఉండదనుకుని వెళ్ళిన నాకు దానిమ్మ తోటలు, మెట్లు మెట్లుగా బార్లీ చేలు, కిటికీలోంచి ఇంట్లోకి వచ్చేసే మబ్బులు, ఆస్పత్రి వంటింట్లోంచి రొట్టెలు ఎత్తుకుపోయే కోతులు కనిపించేసరికి, మమ్మల్ని వేరే దేశంలో దింపేశారేమోనని అనుమానం వచ్చింది.

మన తాలూకా కేంద్రం లాంటి ఊరది. ఊరి పాలనాధికారి అమీరు కచేరీ, కోర్టు, జైలు, పోస్టాఫీసు, ఆడపిల్లల బడి, మా ఆస్పత్రి, అంతా కలిపి ఒక చదునైన మైదానం చుట్టూ ఉండేవి. ఆ మైదానంలో ప్రతి మంగళవారం సంత. ఊరు నిజానికి రెండు పేటలు, పై పేట, కింది పేట. రెంటిలోనూ నల్లరాతి బురుజులు ఒకదాని మీద ఒకటి కన్నేసినట్టు నిలబడి ఉండేవి, వాటికి తుపాకీ గొట్టం పట్టేటంత కన్నాలు. ఒక ఊటబావి కోసం తరాల తరబడి కొట్టుకున్నారట. సర్కారు కచేరీ కట్టవలసి వచ్చినప్పుడు మా పేటలో అంటే మా పేటలో అని రెండు వైపుల వాళ్ళూ పట్టిన పట్టు విడవకపోతే, ఎవరిదీ కాని సంత మైదానంలో కట్టేశారట. ఎంత పగ ఉన్నా సంత రోజున అక్కడ ఎవరి మీదా చెయ్యెత్తకూడదన్న కట్టుబాటు అంతకు ముందు నుంచే ఉంది కాబట్టి అదే సరైన చోటని అందరూ ఒప్పుకున్నారట.

ఆ మైదానం చుట్టూ ఉన్న అంగళ్ళన్నీ యెమెన్ వాళ్ళవి. రొట్టెల దుకాణం, దర్జీ, మంగలి, స్టవ్వులు బాగుచేసేవాడు, అందరూ వాళ్ళే. కొన్ని కుటుంబాలు తాతల నాటి నుంచీ ఉన్నాయి. మనలాంటి వాళ్ళకి కావలసిన కఫీల్, అంటే పూచీ పడే స్థానికుడు, వాళ్ళకి ఆ రోజుల్లో అక్కరలేదు. వాళ్ళని పరాయివాళ్ళని ఎవరూ అనుకునేవారు కాదు, వాళ్ళూ అనుకునేవారు కాదు.

ఈ ఊరి చరిత్ర నాకు చెప్పింది పై పేట పెద్దాయన భార్య. నేను చూసేది ఆడవాళ్ళ జబ్బులని ఎన్నిసార్లు చెప్పినా, మోకాళ్ళు ఆడవాళ్ళవి కావా అని దబాయించి నా దగ్గరికే వచ్చేది. రెండు పేటల పగ చల్లారింది సర్కారు వల్లా కాదు, కోర్టు వల్లా కాదంటుంది ఆవిడ. కింది పేటలో ఒక బాలింత చనిపోతే, ఆ పసిగుడ్డుకి పై పేట నుంచి ఈవిడ అత్తగారు వచ్చి అందరి ఎదుటా పాలిచ్చిందట. వాళ్ళ ధర్మంలో పాలిచ్చిన ఆమె కన్నతల్లితో సమానం, ఆమె పిల్లలు ఆ బిడ్డకి తోడబుట్టినవాళ్ళు. సొంత తమ్ముడి మీద తుపాకీ పేల్చలేరు కదా, అక్కడితో సరి. అందుకే ఆ ఊళ్ళో పెళ్ళి మాట వస్తే ముందు ముసలమ్మలు కూర్చుని ఎవరు ఎవరి పాలు తాగారో లెక్క తేల్చేవారు. నేను ఆవిడ మోకాళ్ళు నొక్కుతూ ఇదంతా కాలక్షేపం కథలా విన్నాను.

కువైట్ మీద దాడి జరిగిన ఏడాది ఊరు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. కువైట్ నంబర్ల కార్లు సామాన్లతో కొండెక్కి వచ్చాయి. అందరి చెవులూ రేడియోల మీదే. యెమెన్ ప్రభుత్వం తమ పక్షాన నిలబడలేదన్న కోపం సౌదీలో అందరికీ ఉండేది. ఆ కోపంలోనే తాఖీదు వచ్చింది, ఇకమీదట యెమెన్ వాళ్ళకి కూడా కఫీల్ ఉండాలి, గడువులోగా దొరకని వాళ్ళు దేశం వదిలి వెళ్ళాలి అని. పై పేట పెద్దాయన చిన్న కొడుకు సైన్యంలో సరిహద్దు మీద ఉన్నాడు. యెమెన్ వాళ్ళెవరికీ నేను పూచీ పడనని ఆయన అమీరు కచేరీలో అందరి ముందూ చెప్పేశాడట. ఆయన అన్నాక పై పేటలో మరొకరు నోరు మెదపలేదు. కింది పేట వాళ్ళూ ముందుకొచ్చి మాట పడడం ఎందుకని ఊరుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన పెద్ద కోడలికి మా దగ్గర పురుడు వచ్చింది. మగపిల్లాడు. తల్లికి రక్తస్రావం ఆగలేదు. చేతనైనంత చేసి, రక్తం కోసం అంబులెన్సులో తాయిఫ్ పంపాము. అత్తగారూ, ఇంటి మగవాళ్ళూ ఆమె వెంటే వెళ్ళారు, పిల్లాడు వార్డులో మిగిలిపోయాడు. డబ్బాపాలు ఎలా పట్టినా కక్కేసేవాడు, మర్నాటికి ఏడ్చే ఓపిక కూడా లేదు. పక్క మంచం మీద రొట్టెల దుకాణం ఆయన భార్య. ముందు ఇద్దరు ఆడపిల్లలు, ఇప్పుడు మూడో ఆడపిల్ల. నేను పిల్లాణ్ణి ఆమె ఒడిలో పెట్టబోతే, ఎవరి బిడ్డ అని అడిగింది. చెప్పాను. వాళ్ళకి చెప్పారా అంది. ముందు తాగనీ తల్లీ, బతికుంటే కదా చెప్పడం అన్నాను. బిస్మిల్లా అని అందుకుంది. వాడు గుటకలు వేస్తూ తాగుతుంటే నాకు ఏడుపొచ్చింది. తల్లి తిరిగి వచ్చే దాకా రోజూ పగలూ రాత్రీ అలాగే తాగాడు. మన ఊళ్ళలో ఇలా పక్కింటి బిడ్డకి పాలివ్వడం ఎన్నిసార్లు చూడలేదు? నాకు మనసులో మరో ఆలోచనే రాలేదు.

సెలవు మీద వెళ్ళిన ఈజిప్టు హెడ్ నర్సు తిరిగి వచ్చి సంగతి విని తల పట్టుకుంది. ఐదుసార్లు కడుపునిండా తాగినా చాలు, వాడు ఆమె కొడుకైపోతాడు, తెలుసా డాక్టరూ అంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు పెద్దాయన భార్య, ఆ మోకాళ్ళ ముసలమ్మ, చెప్పిన కథ. మా అంబులెన్సు డ్రైవరు జగిత్యాల వైపు అబ్బాయి, వాడు మాత్రం తేలిగ్గా తీసేశాడు.

“పాలు తాగితెనే సుట్టరికమైతదా డాక్టరమ్మా? గట్లయితె మా ఇంటి బర్రె గూడ నాకు అమ్మనే.”

నవ్వొచ్చింది గానీ రొట్టెల దుకాణం వెనక వాళ్ళ ఇంటికి పాపని చూసే వంకతో వెళ్ళేసరికి ఆ నవ్వు పోయింది. సగం సామాను మూటలు కట్టేసి ఉంది. ఆమె పుట్టింది ఆ ఇంటికి రెండు సందుల అవతల. యెమెన్ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు. మరి పెద్దాయనకి చెప్పవచ్చు కదా, ఆయన మనవడికి ప్రాణం పోశావు కదా అని నేనంటే, పిండి పిసుకుతున్న చేతులు ఆపి నా వైపు చూసింది.

“ఇప్పుడు చెబితే పాలిచ్చి కఫీల్‌ని సంపాదించుకుందంటారు దక్తోరా. చెప్పకుండా పోతే పాపం, రేపు ఆ పిల్లాడికీ నా పిల్లకీ పెళ్ళి జరిగిపోవచ్చు, ఎవరికి తెలుసు? బండి కదిలే ముందు కబురు పంపుతాం. అప్పుడు మేము ఏదో అడిగామని ఎవరూ అనలేరు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో నాకే తెలియదు, ఆమె పౌరుషం మీదో, ఆ పెద్దాయన మొండితనం మీదో, ఎక్కడో కూర్చుని యుద్ధాలు చేసుకునే వాళ్ళ మీదో. ఆ వారంలోనే ముసలమ్మ మనవణ్ణి తూకం వేయించడానికి తీసుకువచ్చింది. బొద్దుగా ఉన్నాడు. ఈ బుగ్గలు ఎవరి పాలతో వచ్చాయో తెలుసా అని మొదలుపెట్టి, నాకొచ్చిన అరబ్బీ అంతా వాడి మొత్తం చెప్పేశాను. ఆమె చెప్పవద్దన్నదనీ, ఎందుకు వద్దన్నదో కూడా చెప్పాను. ముసలమ్మ నన్ను తిట్టలేదు, మెచ్చుకోలేదు. కడుపునిండా తాగాడా, నీ కళ్ళతో చూశావా అని మాత్రం అడిగింది. చూశానన్నాను. ముసుగు దించుకుని, పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది. మనం కూడా పెట్టెలు సర్దుకుంటే మంచిదేమో అన్నారు మా వారు. ఆ నెలలో ఆయన అన్న అతి పెద్ద వాక్యం అదే.

గడువు ఇంకా కొద్ది రోజులుందనగా మంగళవారం వచ్చింది. సంతలోకి ఆడవాళ్ళం వెళ్ళం కాబట్టి నేను కళ్ళారా చూడలేదు. మా డ్రైవరు పరుగున వచ్చి వార్డు గుమ్మం బయట నిలబడి చెప్పాడు.

“రొట్టెలాయన సామానంత బండికెత్తిండు డాక్టరమ్మా. పెండ్లాం పిల్లలు గూడ ఎక్కి కూసున్నరు. పెద్దాయన కర్ర ఆనిచ్చుకుంట వచ్చి బండి ముంగట నిలవడ్డడు. ‘నా మనుమని తల్లిని యాడికి తోల్కపోతున్నవ్?’ అన్నడు. గంతే.”

ఆ మాట నేను ఈ రోజుకీ కళ్ళు తడవకుండా తలుచుకోలేను. పెద్దాయన అక్కడి నుంచి నేరుగా అమీరు కచేరీలోకి నడిచి, ఏ గదిలో పూచీ పడనన్నాడో అదే గదిలో పూచీ పడి వచ్చాడు. రొట్టెలాయన మధ్యాహ్నానికి సామాను దింపుకున్నాడు. ఆమె మరిదీ, ఆడపడుచూ, దర్జీ, మంగలి, అంతా ఆ వారంలో బండ్లెక్కి వెళ్ళిపోయారు. రొట్టెల దుకాణం తప్ప సంత చుట్టూ తలుపులన్నీ మూతపడ్డాయి. ఆమె గట్టెక్కిందని నేను సంబరపడ్డాను గానీ, తన వాళ్ళు ఒక్కరూ లేని ఊళ్ళో ఉండిపోవడం అంటే ఏమిటో ఆ తర్వాత ఆమె ఇంట్లో ఎన్నోసార్లు టీ తాగాక గాని నాకు తెలియలేదు. ఖాళీ అయిన మరిది వాళ్ళ ఇల్లు కంటపడకుండా అటు వీపు పెట్టి కూర్చునేది.

చలికాలంలో యుద్ధం మొదలైంది. మా మీద ఏ బాంబూ పడలేదు, మబ్బుల పైన విమానాల మోత, కిటికీ అద్దాలకి అంటించిన టేపులు, రేడియోలో వార్తలు, అంతే. ఊరంతటికీ ఒక్కటే రొట్టెల పొయ్యి. దాని ముందు వరసలో పెద్దాయన కూడా అందరితో పాటు నిలబడేవాడు, ఎవరైనా ముందుకి రమ్మంటే కర్రతో నేలని కొట్టి కసిరేవాడు. యుద్ధం ముగిశాక మూతపడ్డ అంగళ్ళు కేరళ వాళ్ళూ, బంగ్లాదేశ్ వాళ్ళూ, మన తెలంగాణ అబ్బాయిలూ తెరిచారు. పిల్లాడు పెరిగాడు. ప్రతి ఈదుకీ నమాజు కాగానే మొదట రొట్టెల దుకాణం వెనక ఇంటికి వెళ్ళి ఆమె నుదురు ముద్దు పెట్టుకునేవాడు. వాడు ఎదిగాక కూడా వాడి ముందు ఆమె ముసుగు వేసుకునేది కాదు. కొన్నేళ్ళకి మేము జిద్దా ఆస్పత్రికి మారిపోయాము. అక్కడి షరఫియా బజారులో కరివేపాకు దొరుకుతుందన్న సంతోషంలో ఆ కొండ ఊరి బెంగ కొంత మరిచాననే చెప్పాలి. ఆ తర్వాత ఇంటికి వచ్చేశాము.

డ్రైవరు మాత్రం అక్కడే చాలా కాలం ఉన్నాడు. కొన్నాళ్ళ క్రితం వాడే ఫోన్ చేసి ఆమె పోయిందని చెప్పాడు. భర్త అంతకు ముందే పోయాడట. కూతుళ్ళలో ఇద్దరు సరిహద్దు ఊరు జిజాన్ అవతల యెమెన్‌లో, అక్కడ మళ్ళీ ఏదో యుద్ధం, దారులు మూసేశారు. మూడో కూతురు ఒక్కతే దగ్గరుంది. వాళ్ళలో ఆడమనిషిని సమాధిలోకి దింపవలసింది కొడుకో తోబుట్టువో అయిన దగ్గరి మగవాడు. గొయ్యి తవ్వి అందరూ నిలబడ్డారట. ఇప్పుడు బడిపంతులుగా ఉన్న ఆ పిల్లాడు, వాణ్ణి పిల్లాడని ఎన్నాళ్ళనను, చెప్పులు విడిచి గోతిలోకి దిగాడట.

“మేం గోడ అవతల నిలవడి సూసినం డాక్టరమ్మా. కొత్తగొచ్చిన ఇమాం, ‘ఈమెకు నువ్వేమైతవ్?’ అని అడిగిండు. ‘కొడుకును’ అన్నడు.”

ఫోన్ పెట్టే ముందు ఊరి సంగతులు అడిగాను. ఆ ఊరిప్పుడు గుర్తుపట్టలేమట. పెద్ద రోడ్డొచ్చి రెండు పేటలూ కలిసిపోయాయట, సంతని ఏసీ బిల్డింగులోకి మార్చారట, కొత్త ఆస్పత్రిలో బాలింతకొక గదట. బాగుపడిన ఊరిని చూసి ఏడవడానికి నేనెవరిని? ముసలమ్మలు మాత్రం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ ఇమాం అడిగిన ప్రశ్న మేమున్న రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరూ అడిగి ఉండేవారు కాదు, అడగకుండానే అందరికీ తెలిసేది. ఇక ముందు ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి ఆ పిల్లాడొక్కడే ఉన్నాడు.