నూకాలమ్మ రిపోర్టు

శ్రీకాకుళం బస్సులోకి ఎవరైనా ఎండు చేపల గంప ఎక్కిస్తే చాలామంది కిటికీ వైపు ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే గ్రేసమ్మ మేడం గుర్తొస్తారు. ఎండలో, ఇసుకలో కూరుకుపోయే చెప్పులతో ఆగి ఆగి నడిచి, ఒక చేపలమ్మే మనిషి ఇంటి ముందు తల వంచుకుని నిలబడ్డ మేడం.

పదేళ్లు దాటింది. విజయనగరంలో ఓ చిన్న ఆసుపత్రి ల్యాబులో నాకు మొదటి ఉద్యోగం. చీపురుపల్లి నుంచి రోజూ రైల్లో వచ్చేదాన్ని. గ్రేసమ్మ మేడం ఆ ల్యాబు ఇన్‌ఛార్జి. గోనె మిల్లు కూలీ కూతురు. బాప్టిస్టు చర్చిలో నేర్చుకున్న పాటలు పనిలో కూనిరాగం తీస్తూ ఉండేవారు. పరీక్షకొచ్చిన సీసా చేతికి రాగానే పాట ఆపి, దాని మీద పేరు పైకి చదివేవారు. "పేరు సదవకుండా మూత తియ్యకే పిల్లా. ఆ పేరెనక ఓ మనిషుంటాది" అనేవారు. నేను తలూపేదాన్ని. చదివేదాన్ని కాదు.

గట్టి నొప్పి మాత్రలు చాలాకాలం వాడేవాళ్లకి మా దగ్గర నెలకోసారి మూత్ర పరీక్ష ఉండేది. మాత్రలు మింగుతున్నారా, లేక బయట అమ్ముకుంటున్నారా అన్నది తెలియాలి కదా. స్ట్రిప్పు, అంటే పరీక్ష పట్టీ, ముంచి ఐదు నిమిషాలాగి చూడటమే. అదెంత పని అనుకునేదాన్ని.

నూకాలమ్మది భోగాపురం అవతల సముద్రపొడ్డు పల్లె. చేపలమ్మడానికి వెళ్తుంటే ఆటో బోల్తాపడి వెన్నుపూస దెబ్బతింది. మాత్రల పుణ్యమా అని మళ్లీ లేచి గంప ఎత్తుకుంటోంది. మేడం సెలవులో ఉన్న వారం ఆమె పరీక్ష నేనే చేశాను. 'రాసిచ్చిన మందు ఆనవాలు లేదు' అని రిపోర్టు రాశాను. మాత్రలు అమ్ముకుంటోందనుకుని డాక్టరుగారు మందు ఆపేశారు.

ఆమె నడుం పట్టుకుని మా కిటికీ దగ్గరికొచ్చింది. "నానేటి సేసినానమ్మా? పూటపూటా మింగుతన్నాను. నీకు కనపడకపోతే నానేటి సెయ్యాల?"

"టెస్టు అబద్ధం చెప్పదు" అని కిటికీ మూసేశాను.

సెలవు నుంచి వచ్చిన మేడం రిజిస్టరు తిప్పుతూ ఆ పేరు దగ్గర ఆగారు. "ఈవిడికి ఏ మందు రాసేరు?"

"నొప్పి మందే మేడం."

"ఏ నొప్పి మందే?"

ఫైలు తెచ్చి చూశాను. ట్రమడాల్. నేను వాడింది మార్ఫిన్ స్ట్రిప్పు. మేడం కుర్చీలో కూలబడ్డారు. "ఇది మార్ఫిన్ జాతినే పట్టుకుంటాది. ట్రమడాల్‌కి ఏరే స్ట్రిప్పుండాల. సేపల వలేసి, పిట్ట పడలేదు కాబట్టి పిట్టలే లేవన్నట్టుందే నువ్వు రాసింది!"

నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మేడం నన్ను వెంటబెట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, "తప్పు మా ల్యాబుది సార్" అన్నారు. నా పేరు ఎత్తలేదు. ఆయన వెంటనే మాత్రలు మళ్లీ రాశారు.

"ఫోన్ చేసి రమ్మందాం మేడం" అన్నాను.

"దొంగ అని నలుగురికీ తెలిసేటట్టు రాసేం. కాదని మాత్రం సాటుగా సెప్తామా? పద."

బస్సు దిగి, ఆటో ఎక్కి, ఇసుకలో నడిచి వెళ్లాం. తాటాకు పంచలో చాప మీద నూకాలమ్మ ముడుచుకుని పడుకుని ఉంది. మాత్రలు ఉన్నట్టుండి ఆగిపోవడంతో నొప్పి తిరగబెట్టింది. చెమటలు, వణుకు, నిద్ర లేదు. పైగా మాత్రలమ్ముకుందని ఊళ్లో మాట. ఎండబెట్టిన చేపలు తిరగేస్తున్న ఆడవాళ్లందరికీ వినబడేలా మేడం గొంతెత్తారు. "నూకాలమ్మ మాత్రలమ్ముకోలేదు. తప్పు టెస్టు సేసింది మేం." తరవాత తల వంచుకుని నిలబడ్డారు. నాకోసమే ఆగారని అర్థమైంది.

"నేనే చేశానమ్మా. నీ మాట వినకుండా కిటికీ మూసింది కూడా నేనే" అన్నాను.

"నడుం నొప్పి కన్నా అదే ఎక్కువ నొప్పెట్టింది పిల్లా" అంది నూకాలమ్మ. "ఎండనపడొచ్చేరు. కూకోండి" అని పక్కింటావిడ చేత మంచినీళ్లు ఇప్పించింది. మేడం వెంట తెచ్చిన మాత్రల పొట్లం అందుకున్నప్పుడు ఆమె కళ్లు తుడుచుకుంది.

నెల తిరిగాక ఆమె నడుచుకుంటూ మా ల్యాబుకొచ్చింది. ఈసారి సీసా మీద పేరు పైకి చదివి, సరైన స్ట్రిప్పు ముంచి, ఆమెకే చూపించాను. "రెండో గీత రాలేదంటే మందు ఒంట్లో ఉన్నట్టమ్మా."

"అయితే ఇప్పుడు నీకు కనబడ్డానా?"

"కనబడ్డావమ్మా."

ఆమె పకపకా నవ్వింది. వెనక బల్ల దగ్గర మేడం కూనిరాగం ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలైంది.

మేడం రిటైరయ్యారు. నేనిప్పుడు శ్రీకాకుళంలో ఒక ల్యాబు చూసుకుంటున్నాను. మా రిపోర్టు అడుగున, ఈ పరీక్ష ఏయే మందుల్ని పట్టుకోదో తప్పకుండా రాస్తాం. ఫలితానికీ మందుచీటీకీ పొంతన కుదరకపోతే ముందు మనిషిని కూర్చోబెట్టి అడుగుతాం. మొన్న పొందూరు నుంచి వచ్చిన, నూలు వడికే ముసలమ్మకి మందు ఉందో లేదో తేలకుండా గీత మసగ్గా వచ్చింది. పక్కన కూర్చుని అడిగాను. "మత్తుకి అలవాటైపోతానేమోనని రోజు మార్చి రోజు ఏసుకుంటన్నాను తల్లీ" అంది. డాక్టరుగారిని పిలిచి, ఆ భయం ఆయనకే చెప్పించాను. ఆయన ఓపిగ్గా వివరించి, మోతాదు సర్ది పంపించారు. ఆ రోజు ఆమె రిపోర్టు అరగంట ఆలస్యంగా బయటికొచ్చింది. అంతే.