జేజి చెంబులో ఐసుగడ్డ

గిద్దలూరులో సైన్సు టీచరుగా పనిచేస్తున్నాను. పదార్థాల్లో మార్పుల పాఠం వచ్చినప్పుడల్లా నాకు మా జేజి గుర్తొస్తుంది. జేజి అంటే మా నాయన తల్లి.

ఇది నా చిన్నప్పటి మాట. అప్పుడు నేను మార్కాపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. పీర్ల పండక్కి నన్ను ఇంటికి తీసుకుపోను వచ్చిన నాయన, ఊళ్లో పంచే షర్బత్ కోసం పెద్ద ఐసుగడ్డ కొన్నాడు. దాని చుట్టూ రంపపుపొట్టు కూరి, గోనెసంచిలో చుట్టి బస్సెక్కించాడు. మా ఊరు పుల్లలచెరువు అవతల, అడవి అంచున. దారి పొడవునా సంచి కారుతూనే ఉంది. ఎండకు అల్లాడిపోతున్న జనం ఆ తడిలో పాదాలు ఆనించుకుని కూర్చున్నారు.

ఊళ్లో దిగేసరికి గడ్డ సగమైంది. జేజి ఐసును చూడడం అదే మొదలు. చిన్న ముక్క చేతిలో పెడితే, "కాలుతాందే!" అని అదిరిపడింది. ఆ తర్వాత తనే ఇంకో ముక్క అడిగి తీసుకుని, చెంబులో వేసి మూతపెట్టి గూట్లో దాచింది. చేనికి పోయిన పక్కింటి చిన్నమ్మకు చూపించాలని ఆమె ఆశ.

సాయంత్రం చిన్నమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మూత తీస్తే, లోపల నీళ్లున్నాయి.

"ఎవురే తీసింది?" అని కేకేసింది జేజి.

"ఎవురూ తీయలేదు జేజీ, కరిగింది. అది ఉత్త నీళ్లే. బాగా చల్లబడితే మళ్లీ గడ్డ అవుతాది."

జేజి వేలు ముంచి నాలుకకు రాసుకుని చూసింది. తర్వాత ఇద్దరూ చెరో గుక్క తాగారు.

బడిలో కొత్తగా నేర్చుకున్నదంతా చెప్పేదాకా నాకు ఊరట లేదు. రూపం మారినా పదార్థం అదే ఉంటే భౌతిక మార్పు, పదార్థమే వేరొకటైతే రసాయన మార్పు అన్నాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే జేజి గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగి కూర్చుంది.

"నెయ్యి పేరుకుంటాది, కరుగుతాది. అదేంది మరి?"

"భౌతికం. ఎట్లున్నా నెయ్యే కదా."

"పాలు తోడుకుంటే?"

"రసాయనం. పెరుగు మళ్లీ పాలు కాదు."

"కట్టె బూడిదయితే?"

"అదీ అంతే."

ఇంతలో మాడు వాసన గుప్పుమంది. జేజి గిన్నె దించి, అడుగు గీకి చూసింది.

"ఇదేం మార్పే?"

"రసాయనమే జేజీ."

"అయితే ఇంక బాగుపడదు. బర్రెకెయ్యి" అంది.

చిన్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. పైపైన బాగున్న అన్నం నాయనకు పెట్టి, మేం మజ్జిగ తాగి అరుగు మీద కూర్చున్నాం. పీర్లచావిడి దగ్గర డప్పులు మొదలయ్యాయి. జేజి ఇంకా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది.