లండన్ పెద్దబాపుకు సగం మీసం

ఆ రోజుల్లో మా నారాయణఖేడ్‌కు లోకంలోని వార్తలన్నీ నింపాదిగా వచ్చేవి. చిన్న వార్తలు కాలినడకన, పెద్ద వార్తలు బీదరు నుంచి గుర్రం మీద. ఏ వార్త వచ్చినా అది జరిగి అప్పటికే వారమో పది రోజులో అయి ఉండేది కనుక, విని కంగారు పడటానికి అందులో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు నా ఈడు వాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే, లండన్‌లో చక్రవర్తి పోయాడని తెలిసిన నాడు ఎవరెక్కడ ఉన్నదీ చెప్పుకోవడం ఒక వేడుక. ఒకాయన హైదరాబాదులో కచేరీ మెట్ల మీద ఉన్నానంటాడు. ఇంకొకాయన రైల్లో ఉన్నానని, రైలు కూడా కాసేపు ఆగి దుఃఖించిందని చెబుతాడు. నా వంతు వచ్చేసరికి నాకు దగ్గు వస్తుంది. ఎందుకంటే ఆ సమయానికి నేను మా ఇంటి అరుగు మీద, మంగలి ముందు, గడ్డం పైకెత్తి కూర్చుని ఉన్నాను. నన్ను చూడటానికి ఆ మధ్యాహ్నమే ఆడపిల్ల వాళ్లు వస్తున్నారు.

ఇక్కడ నా మొహం గురించి కొంచెం చెప్పాలి. ఇరవై ఏళ్లు నిండినా నాది పసిమొహం. అంతకు ముందు రెండు సంబంధాలు దానివల్లే తప్పిపోయాయి. ఒక ఇంటివాళ్లయితే నన్ను చూసి, "చిన్నోన్ని ఎందుకు చూపెడుతున్నరు, పెద్దోడు యాడున్నడు?" అని అడిగారు (ఇంటికి నేనొక్కడినే కొడుకును). అప్పటి నుంచి నేను రెండేళ్లు ఆముదం రాసి, కన్నబిడ్డను సాకినట్టు సాకి, ఒక మీసం పెంచాను. నాగల్‌గిద్దలో ఉండే మా మేనత్త ఆ మీసాన్ని చూసే ధైర్యం చేసి మూడో సంబంధం తెచ్చింది. వాళ్లు మా కులం వాళ్లే గానీ ఇంట్లో మాట్లాడేది కన్నడం. "పిలగానికి మీసం మంచిగున్నదని చెప్పిన. ఇగ నా ఇజ్జత్ నీ మూతి మీదున్నది," అని మేనత్త కబురు పంపింది. ఇది కూడా తప్పిపోతే నా పెండ్లి మాట ఇక ఎవరూ ఎత్తరని నాకు బాగా తెలుసు.

ఆ మీసాన్ని దిద్దడానికే మంగలి మామ వచ్చాడు. కత్తి గొంతు మీద ఉన్నప్పుడల్లా "నిమ్మళం, నిమ్మళం" అంటాడు కాబట్టి ఊరంతా ఆయన్ని నిమ్మళం అనే పిలిచేది. ఆయన ఇంకా కత్తి నూరుతున్నాడు, వీధిలో డప్పు మోగింది. లండన్ బాద్షా కాలం చేసిండని, మూడొద్దులు కచేరీ బంద్ అని, బాజాలు మోగించవద్దని చాటింపు. ఆ మాట చెవిన పడగానే మా బాపు కండువా భుజాన వేసుకుని, "కల్హేర్ అంగట్ల ఎడ్లు జూసొస్త" అని గబగబా బయలుదేరాడు. మాకు అప్పటికే మూడు జతల ఎడ్లున్నాయి. పైగా వియ్యాలవారు వచ్చే రోజు. ఈయనకు ఇప్పుడు ఎడ్లేమిటని నేను ఆశ్చర్యపోయాను గానీ, తన తండ్రి సంగతి ఆయనకు నాకంటే ఎక్కువ తెలుసు.

మా తాతకు రాజంటే పిచ్చి భక్తి. పసితనంలో పెద్ద కరువు వస్తే సర్కారు పోసిన గంజి తాగి బతికాడట. ఆ గంజి రుచి ఆయన నాలుక మీది నుంచి చివరి దాకా పోలేదు. గంజి పోయించిన నవాబు పోయినప్పుడు సొంత తండ్రి పోయినట్టే తల, మీసం తీయించుకున్నాడు. ఇప్పుడు డప్పు మోత విని లోపలి నుంచి వచ్చి, నన్ను పక్కకు జరగమని, నిమ్మళం ముందు కూర్చుని, తన గుబురు మీసం మీద వేలు పెట్టి చూపించాడు. నాలుగు గీతల్లో ఆ మీసం పోయింది. అది లేకుండా తాత ఎంత చిన్నవాడైపోయాడో చూసి నాకు జాలేసింది. ఆ జాలిలో నేనుండగానే ఆయన లేచి, "ఇగ నువ్వు కూసో," అన్నాడు.

"తాతా, ఆయన మన రాజు గాడు గదా," అన్నాను.

"మన నవాబు మనకేమైతడు?"

"బాపు అసువంటోడు." (ఈ పాఠం నాకు ఆయనే నేర్పాడు, కాదనడానికి లేదు.)

"గా లండన్ బాద్షా మన నవాబుకు పెద్దన్న లెక్క. బాపుకు పెద్దన్న నీకేమైతడు?"

"పెద్దబాపు."

"పెద్దబాపు సస్తె మీసం తియ్యరా?"

నాకు కోర్టు వ్యవహారాలు తెలియకపోయినా ఒక పాయింటు దొరికింది. "పదోనాడు గద తీసేది. కబురు ఇయ్యాలనే వచ్చె," అన్నాను. తాత నన్ను జాలిగా చూశాడు. "కబురు గాడికెల్లి ఈడికి వచ్చేటాల్లకు ఎన్నొద్దులైందో లెక్కబెట్టు. సముద్రం దాటాలె, హైదరాబాద్ రావాలె, బీదర్ల రెండొద్దులు పండుకోవాలె. పదొద్దులు ఎప్పుడో అయినయ్. ఇయ్యాల తియ్యకుంటె ఇంట్ల మైల పోదు. మైలింట్లకు పెండ్లి సుట్టాలు కాలు పెడ్తరా?" అన్నాడు. మీసం ఉంటే సంబంధం వాళ్లు గడప తొక్కరు, మీసం లేకపోతే తొక్కినా ఉండరు. ఇందులో ఏది నయమో తేల్చుకునే లోపే నిమ్మళం నా గడ్డం పట్టుకుని "నిమ్మళం" అన్నాడు. ఎడమ పక్క చల్లగా గాలి తగిలింది.

అప్పుడు లోపలి నుంచి అమ్మ వచ్చింది. చుట్టాల కోసం భక్ష్యాలు చేస్తోంది, చేతుల నిండా పిండి. ఆ కాలంలో కోడలు మామగారి ఎదుట పడి మాట్లాడకూడదు. అందుకని మా అమ్మ తలుపు చాటున నిలబడి తాతతో అనవలసిందంతా దగ్గరలో ఉన్న మూడో మనిషితో అనేది. మనిషి లేకపోతే గుంజతో అనేది. ఆ పూట మూడో మనిషి నిమ్మళం.

"ఓ నిమ్మళం, తండ్రి బతికుండంగ కొడుకు మీసం తీస్తరా? నా పసుపు కుంకుమ నీకు బరువైందా?"

నిమ్మళం కత్తి పైకెత్తాడు. తాత కూడా నిమ్మళం వైపే చూస్తూ, "నిమ్మళం, రాజు పొయ్యినంక అందరు తండ్రి లేనోళ్లేనని చెప్పు," అన్నాడు. "నిమ్మళం, లండన్‌ల ఎవలో పోతె మా ఇంటాయనను ఎందుకు సంపుతున్నరో అడుగు," అంది అమ్మ. నిమ్మళం అటు తిరిగి ఒక మాట, ఇటు తిరిగి ఒక మాట వింటూ, ఒక్కటీ చేరవేయకుండా, కత్తి గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. చివరికి అమ్మ, "మిగిలినదాని మీద కత్తి పెడితె మీ బాపు మీద ఒట్టు," అని ఈసారి నేరుగా నాతోనే అని లోపలికి పోయింది. బాపు మీద ఒట్టు తాతకు కూడా కొడుకు మీద ఒట్టే కదా. ఆయన పక్కకు తప్పుకున్నాడు. నిమ్మళం తన పొది కట్టుకుని, "ఒక పక్క పటేల్ మాట ఇన్న, ఒక పక్క అమ్మ మాట ఇన్న. నా తప్పేం లేదు," అని వెళ్లిపోయాడు. నేను అద్దంలో చూసుకున్నాను. కుడి పక్క ఇరవై ఏళ్లవాడు, ఎడమ పక్క వాడి కొడుకు ఉన్నారు.

ఇక ఏడవాలో నవ్వాలో ఆలోచించే తీరిక లేకుండానే బండి గజ్జెలు వినిపించాయి. నేను తువ్వాల తీసి ముక్కు కింద నుంచి చెవుల మీదుగా బిగించి కట్టుకున్నాను. బండి లోంచి పిల్ల మేనమామ దిగాడు, ఆయన చెయ్యి పట్టుకుని పిల్ల అమ్మమ్మ దిగింది. వాళ్లింట్లో ఆమెను అజ్జి అంటారు, ఆమె మాటే మాట. కాళ్లు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్లు తాగే వరకు అజ్జి కళ్లు నా తువ్వాల మీది నుంచి కదలలేదు.

"పిలగాని బాపు ఏడి?" అంది మొదట.

"కల్హేర్ అంగట్ల ఎడ్లు జూడవోయిండు," అన్నాడు తాత.

"ఇయ్యాల అంగడి గాదు గద," అంది అజ్జి. అప్పుడామె నా వైపు గడ్డం ఎత్తి, "ఆ గుడ్డేంది?" అంది.

"బాద్షా పొయ్యిండని పిలగానికి దుఃఖం," అన్నాడు తాత. (ఆ ముసలాయన జీవితంలో నా కోసం ఆడిన అబద్ధం అదొక్కటే.)

"మా ఊర్ల ఎవలకు దుఃఖం కాలే. మూతికి మొర్రి గిట్ల ఉన్నదేమో. గుడ్డ తియ్యి."

మొర్రి అన్న మాట ఒకసారి బండెక్కి నాగల్‌గిద్ద చేరితే నాకు ఈ జన్మలో పిల్లనిచ్చేవాడుండడు. నేను తువ్వాల విప్పాను. మేనమామ తాగుతున్న నీళ్లు పొలమారి వరండా అంతా తడిసింది. అజ్జి మాత్రం నవ్వలేదు. లేచి నా దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పి "హుడుగ" అంది, అటు తిప్పి "గండసు" అంది. కన్నడంలో మొదటిది పిల్లవాడు, రెండోది మగవాడు. రెండూ నిజమే కాబట్టి నేను ఊరుకున్నాను.

తాత తన పక్షం చెప్పుకున్నాడు. పెద్దబాపు వరుస నుంచి సముద్ర ప్రయాణం దాకా ఒక్కటీ వదల్లేదు. అమ్మ తన పక్షం గుంజతో చెప్పింది. అజ్జి ఇద్దరినీ శ్రద్ధగా వింది. అప్పుడు నన్ను అడిగింది.

"నువ్వేమన్నవ్?"

"నేనా? ఏమనలే."

"మీసం నీదే గద."

"నాదే."

"అయినా ఏమనలేవా?"

"తాత కూసోమన్నడు, కూసున్న. అమ్మ వద్దన్నది, లేసిన."

అజ్జి మేనమామ వైపు తిరిగి కన్నడంలో ఏదో అంది. ఆయన నవ్వు ఆపుకోలేక కండువా నోట్లో పెట్టుకున్నాడు. ఇక బండి కట్టుకుని పోతారని నేను తువ్వాల మళ్లీ మొహం మీదికి తీసుకున్నాను. అజ్జి నెమ్మదిగా వెళ్లి తన చోట కూర్చుని, "భక్ష్యాల వాసన వస్తున్నది, పెట్టరా?" అంది. ఆడపిల్ల వాళ్లు మా ఇంట్లో తీపి తిన్నారంటే సంబంధం ఖాయమైనట్టే.

బాపు మూడో రోజున ఎడ్లు లేకుండా, మీసంతో తిరిగి వచ్చాడు. అమ్మ ఏమీ అడగకుండా వేడి వేడి రొట్టె పెట్టింది. ముహూర్తాల మాట మొదలయ్యాక మైల సంగతి తాత మళ్లీ ఎత్తలేదు. ఎడమ పక్క కుడి పక్కను అందుకోవడానికి రెండు నెలలు పట్టింది. అన్ని రోజులూ ఊళ్లో పిల్లలు నన్ను అద్ధ పటేల్, అంటే సగం పటేల్, అన్నారు. తాత మీసం మాత్రం మళ్లీ మునుపటిలా గుబురుగా రాలేదు. దాన్ని తడుముకుంటూ ఆయన అరుగు మీద కూర్చునేవాడు. ఆయన మీద నాకు అంతవరకూ ఉన్న కోపమంతా అది చూసే పోయింది.

నా రాజభక్తి చూసి పిల్లనిచ్చారని తాత, మా భూములు చూసి ఇచ్చారని బాపు చాలాకాలం అనుకున్నారు. సగం మీసంతో కూడా నేను అందగాడినేనని నేను అనుకున్నాను. అజ్జి ఆ రోజు కన్నడంలో ఏమన్నదో పెండ్లయిన ఏడాదికి మా ఆవిడ చెప్పింది. "వానికి వాని మీసం మీదనే పెత్తనం లేదు. మన పిల్ల సుఖపడ్తది" అన్నదట. చెప్పి, తలవంచుకుని నవ్వి, సాయంత్రం పత్తి చేనుకు పోవద్దు, కంది చేనుకు పొమ్మంది. నేను కంది చేనుకు పోయాను.

ఇప్పుడు తాత లేడు, అమ్మ, బాపు లేరు. రాజులూ లేరు. మొన్న ఒక పొద్దున అద్దంలో నా తెల్ల మీసం చూసుకుంటే ఇది ఇంకా ఎందుకనిపించింది. కత్తి చేతిలోకి తీసుకుని, "తీసెయ్యాల్నా?" అని లోపలికి కేకేశాను. మా ఆవిడ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "నీ మీసం, నీ ఇష్టం," అంది. యాభై ఏళ్ల సంసారంలో ఒక సంగతి ఆమె నాకు వదిలేయడం అదే మొదటిసారి. తియ్యమనేవాళ్లు, వద్దనేవాళ్లు ఒక్కరూ లేకపోయేసరికి, మీసాన్ని ఏం చేయాలో నాకు తోచలేదు.