బీడీల గదిలో ఫ్యాను

మా ఇంట్లో బీడీలు చుట్టే గదిలోని గుండు బల్బు దానంతట అది పోలేదు. పదో తరగతి చదివే రోజుల్లో నేనే దాన్ని పోగొట్టాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆఖరికి నా డైరీలో కూడా ఆ రోజు ‘బల్బు పోయింది’ అని మాత్రమే రాసుకున్నాను, ఎట్లా పోయిందో రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న ఆదివారం కరీంనగర్‌లో నేను అద్దెకుంటున్న గదిలో కొత్త ఫ్యాను బిగించడానికి వచ్చినాయన, నిచ్చెన మీద నిలబడి, “గిది పాతదాంట్ల సగం కరెంటు గూడ తినది మేడం, పొద్దంత తిరిగినా ఫికర్ లేదు” అని చెబుతుంటే తల ఊపుతూ విన్నానే గానీ, నా మనసు అప్పటికే మెట్‌పల్లిలో మా రేకుల ఇంట్లో ఉంది. గుండు బల్బు, ట్యూబ్‌లైటు, మెలితిరిగిన తెల్ల బల్బు, ఇప్పుడీ ఎల్‌ఈడీ – ముప్పై ఏళ్లు నిండకుండానే ఇన్ని రకాల వెలుతురు చూసిన తరం మనది. పాతరోజుల గురించి రాయడానికి నాకింకా వయసు చాలదేమో గానీ, ఆ బల్బు విషయంలో మాత్రం నేను చాలా పాతదాన్ని.

ముందు గదిలో అవ్వ, నాయనమ్మ ఎదురెదురుగా కూర్చుని ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లు. మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం. పైన ఫ్యాను ఉండేది గానీ, చుట్టాలు వచ్చినప్పుడు తప్ప అది తిరగడం నేను చూడలేదు. ఫ్యాను వేస్తే చాటలోని తంబాకు లేచిపోతుంది, తడిపి పెట్టుకున్న తునికాకు ఎండి పెళుసవుతుంది. మే నెలలో రేకులు కాలిపోతుంటే నాయనమ్మ కొంగుతో మెడ తుడుచుకునేది గానీ స్విచ్చు వైపు చూసేది కాదు. ఆ ఫ్యాను బిగించిన నాటి నుంచీ ఆమెకు అదే అలవాటు.

ఆ ఏడాది బడిలో కరెంటు పొదుపు మీద వ్యాసరచన పోటీ పెడితే నాకు మొదటి బహుమతిగా ఒక ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. గుండు బల్బు తినే కరెంటులో చాలా భాగం వేడికే పోతుందని, వెలుతురయ్యేది కొంచెమేనని సైన్సు సారు చెప్పగా, నేను వ్యాసంలో ‘వృథా’ అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాను. బహుమతి పట్టుకుని ఇంటికి పోతే అవ్వ, “మంచిగున్నదాన్ని ఎవలన్న తీస్తరా బిడ్డా? అది పోయినంక పెడదాం తియ్యి” అని బల్బును అల్మారాలో పెట్టేసింది. ఎదురు చెప్పే నోరు నాకు లేదు. ఆ ఆదివారం తలనొప్పని అబద్ధమాడి, ఇద్దరూ చర్చికి పోగానే స్టూలెక్కి, వెలుగుతున్న బల్బును చీపురుకట్టతో తట్టాను. నాలుగో దెబ్బకు ఆరిపోయింది. అవ్వ వచ్చి దాన్ని విప్పి చెవి దగ్గర ఊపి, లోపల తీగ గలగలమనగానే, “పాయె, దీని పని ఒడిసింది” అంది.

కొత్త బల్బు వెలుతురుకు నాయనమ్మ మురిసిపోయింది. ఇంట్లో పున్నమి దిగినట్టుందని, కండ్లద్దాలు ఇక అమ్ముకోవచ్చని వాడలో అందరికీ చెప్పింది. నేను లోపల గర్వపడుతూ నెల రోజులు గడిపాను.

తర్వాత ముసురు పట్టింది. ప్రతి ముసురులోనూ అవ్వ బల్బును దాని పొడుగాటి వైరుతో కిందికి దించి, బీడీ కట్టలు పేర్చిన గంప మీదికి వేలాడదీసేది. మబ్బుకు వెలుతురు చాలక అట్లా చేస్తుందని నేను అనుకునేదాన్ని. ఆ ఏడు కూడా అలవాటుగా దించింది. మూడో రోజున బీడీలు కొనే టేకేదారు మా కట్టలన్నీ వాపస్ చేశాడు.

“గియ్యెట్ల తాగుతరు అక్కా? అగ్గిపెట్టె ఒడుస్తది గని బీడీ అంటుకోది. ఎల్లుండి గూడ గిట్లనే పచ్చిగ తెస్తె నీ కార్డు వేరేటోళ్లకు పోతది, మల్ల నన్ననొద్దు.”

బాపు మస్కట్‌లో పని దొరక్క తిప్పలు పడుతున్న రోజులవి. ఆకు, తంబాకు ఇచ్చి చుట్టిన బీడీలు తీసుకునే ఆ కార్డు మీదే మా పొయ్యి వెలిగేది. అవ్వ తడిసిన కొంగుతో ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నాయనమ్మ గంప దగ్గరికి జరిగి, బల్బు కింద అరచెయ్యి పెట్టి చాలాసేపు చూసి, “దీనికి ఎలుగున్నది గని ఎచ్చదనం లేదే. పాతదైతె కోడిపెట్ట తీర్గ కట్టలను పొదిగేది” అంది. నేను రెండు గీతలు గీసిన వృథా ముసురు రోజుల్లో మా ఇంటికి అన్నం పెట్టేదని అప్పుడు తెలిసింది. అవ్వ వానలోనే రెండు దుకాణాలు తిరిగింది. చిన్న జీరో బల్బులు తప్ప పెద్దవి తెప్పించడం మానేశామన్నారు.

చేసిన తప్పు చెప్పే ధైర్యం రాలేదు గానీ, ఫ్యాను వేద్దామని మాత్రం అన్నాను. నాయనమ్మ నా వైపు వింతగా చూసి, “గీ పిల్ల నోట్లె నాలుకున్నదా? అందుకే గింత వాన పడుతుంది!” అని నవ్వి, తంబాకు ఎగిరిపోతుందని కొట్టిపారేసింది. చుట్టిన బీడీలు ఎగరవు కదా అని నేను నసిగాను. ఒక్క రోజు చుట్టడం ఆపి, చాటలు లోపలి గదిలో పెట్టి, కట్టలను గాలి ఆడేలా నవారు మంచం మీద పలచని చీర పరిచి ఆరేద్దామన్నాను. అవ్వ లేచి తంబాకు డబ్బా మూత పెట్టింది.

గోడకున్న పాత పెట్టె రెగ్యులేటర్‌లో ఫ్యానును నెమ్మది చేస్తే, మిగిలిన కరెంటు ఆ పెట్టె వేడెక్కడానికే పోయేది. తర్వాత సారు చెప్పగా విని చిన్న ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టించాం. ఆ రోజుకు మాత్రం దానితోనే, రెండో నంబరు మీద, పొద్దంతా తిప్పాం. మధ్యమధ్య నేను కట్టలను అటూ ఇటూ తిప్పి పెట్టాను. ఎల్లుండి అన్న పొద్దు వచ్చేసరికి టేకేదారు ఒక బీడీని చెవి దగ్గర పెట్టి వేళ్లతో నలిపి, కట్టలన్నీ తీసుకున్నాడు. కార్డు మిగిలింది.

అప్పటి నుంచి ముసురు లేకపోయినా నాలుగు గంటలకు చాటలు ఎత్తేసి, మంచం మీద కట్టలు పరిచి ఫ్యాను వేయడం మా ఇంటి పద్ధతయింది. ఆ కొత్త బల్బూ ఫ్యానూ కలిసినా పాత బల్బు ఒక్కటి తిన్నంత తినవని సారు చెబితే నాకు ఎంతో సంతోషమైంది. అంతకన్నా పెద్ద సంతోషం ఇంకొకటి ఉంది. బీడీల కోసం వేసిన గాలిలో, మంచం పక్కనే కాళ్లు చాపుకుని, వాళ్లిద్దరూ రోజూ ఒక గంట ఊరికే కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అవ్వ బీడీలు చుట్టడం లేదు, ఆ గదిలో తంబాకు వాసన కూడా పోయింది. మీట నొక్కితే వెలుతురు, గాలి వస్తున్నాయి గానీ, గాలి కోసం నాలుగెప్పుడవుతుందా అని ఎదురుచూడటం పోయింది. పొదుపు మీద నాకు అప్పుడున్న పట్టుదల ఇప్పటికీ ఉంది, గదిలోంచి బయటికి వస్తుంటే చెయ్యి దానంతట అదే స్విచ్చు మీదికి పోతుంది. వృథా అన్న మాట మాత్రం ఎక్కడైనా రాయవలసి వస్తే కాసేపు ఆగుతాను.

నేను ఉద్యోగంలో చేరిన ఏటి వేసవే నాయనమ్మకు చివరిదని అప్పుడు మాకు తెలియదు. నేను కొత్తగా కొనిచ్చిన ఫ్యాను కింద, నవారు మంచం మీద, ఆమె పగలంతా పడుకునేది. ఒక సోమవారం పొద్దున కరీంనగర్ బస్సుకు బయల్దేరుతూ, నిద్రపోయిందనుకుని అలవాటు కొద్దీ స్విచ్చు మీద చెయ్యి వేశాను. ఆమె కళ్లు తెరవకుండానే అంది:

“ఉండనియ్యి బిడ్డా. నువ్వు పొయ్యి రా. నాకు గీ గాలి మంచిగున్నది.”