మావయ్య వదిలిన ఖాళీ బుడగ

కార్టూన్‌లో మనిషి నోటి పక్కన గీసే మాటల బుడగని ఖాళీగా వదిలేస్తే అది ధైర్యమా, భయమా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న. జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషి, మా మావయ్య, పోయిన మంగళవారం ఇక్కడ మలేసియాలో, క్లాంగ్ ఊళ్లో కన్నుమూశాడు.

మావయ్య అంటే మా మేనత్త భర్త. బతుకుతెరువుకి దుకాణాల బోర్డులు రాసేవాడు. వారానికోసారి ఓ చిన్న పత్రికకి తోటల్లో పనిచేసే మన తెలుగువాళ్ల మీద కార్టూన్ వేసేవాడు. కుంచె మొనని పెదాలతో సన్నం చేసే అలవాటు. నల్లటి మూతితో ఇంటికొస్తే అత్త, "ఏ బొగ్గుబస్తాకి ముద్దెట్టొచ్చినావు?" అనేది.

మనిషి కన్నా ముందు బుడగ గీసేవాడు. తెల్ల కాగితం మీద ఒంటరిగా ఓ బుడగ! ఎందుకలా అంటే, "ముందు మాటాడ్డానికి సోటుండాలి అమ్మీ. మనిషి ఎనకాలొత్తాడు," అన్నాడు. అందులో మాత్రం ఒక్క అక్షరమూ రాయడు.

నేను యూనివర్సిటీలో ఉండగా కువాలా సెలంగోర్ దగ్గర ఓ పామాయిల్ తోట చేతులు మారింది. తరాలుగా అక్కడి కూలీల లైను ఇళ్లలో ఉన్నవాళ్లని ఖాళీ చెయ్యమన్నారు. ఎక్కడికి పోవాలో చెప్పలేదు. ఆ వారం మావయ్య బొమ్మ: ఇంట్లో కుర్చీలో కాలు మీద కాలేసుకుని పామాయిల్ చెట్టు టీ తాగుతోంది. బయట, చెట్టు నాటాల్సిన గుంటలో, నెత్తిన మూటతో ఓ ముసలమ్మ. నోటి పక్కన ఖాళీ బుడగ.

మావయ్యతో ఆ తోటకి వెళ్లాను. టీ దుకాణం గోడకి బొమ్మ అంటించి ఉంది. బుడగలో ఏం రాసుందని ఎవరో అడిగారు.

"ఏటీ లేదు. నువ్వే సెప్పు," అన్నాడు మావయ్య.

"అద్దె నెలనెలా కట్టాలి లా, తెల్సా?" అన్నాడొకాయన చెట్టుతో, ఇక్కడి మలయ్ వాళ్లలా మాట చివర 'లా' తగిలించి.

"వానొత్తే కారతాది, గిన్నె ఎట్టుకో!" అన్నాడు ఇంకొకడు.

అందరి వెనకా నిలబడ్డ ఓ ముసలామె ముందుకొచ్చింది. బొమ్మలోని చెట్టుకి వేలు చూపించి, "ఒరే, నీల్లోసి పెంచినాను గదరా. టీలో పంచదార సరిపోయినాదా?" అంది.

దుకాణమంతా పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. మర్నాడు ఆఫీసుకి పోయి మేనేజరు ఎదటే ఆ మాట అందట, అంతవరకూ ఆ గుమ్మంలో తలెత్తని మనిషి. వేరే ఇళ్లు చూపించేదాకా ఆ లైను కూల్చలేదు. బొమ్మ వల్లనే అని నేననలేను. కానీ ఆ గోడ ముందు చూసింది ఇప్పటికీ మరిచిపోలేను. ఒట్టి ఖాళీ చోటు. అందులోంచి అన్ని గొంతులు!

నేనిలా అంటే అత్త కొట్టిపారేసేది. "రాత్తే పోలీసులొత్తారని ఒగ్గేసినాడు. నాకు తెల్దా?" అది విని మావయ్య కుంచె మూతిలో పెట్టుకునేవాడు.

మావయ్య ఆఖరి బొమ్మ ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. ఓ నాయకుడు సభలో ముసలమ్మ నోటి దగ్గర మైకు పెట్టాడు. ఆయన చెవులకి మాత్రం హెడ్‌ఫోన్లలా రెండు వడలు. ముసలమ్మ బుడగ ఎప్పట్లాగే ఖాళీ.

"పత్రికోల్లు ఫోన్ సేసినారు," అంది అత్త. "ఈ కాలం పిల్లలకి ఖాళీ అర్తం కాదంట. సదూకున్నదానివి, ఏదోటి రాయి."

పెన్ను మూత తీశాను. రాస్తే మావయ్య బుడగ నాదైపోతుంది. రాయకపోతేనో? ఆ టీ దుకాణం ఇప్పుడు లేదు, గోడ ముందు నిలబడి నింపేవాళ్లూ లేరు. ముసలమ్మని నేనే మూగదాన్ని చేసినట్టవుతుందేమో. ఏది సరైనదో నాకు నిజంగా తేలడం లేదు.

పత్రికవాళ్లు రేపొస్తారు. పంకా గాలికి లేవకుండా కాగితం మూల మీద అత్త టీ గ్లాసు పెట్టింది. బొమ్మలో ముసలమ్మ నోరు తెరుచుకునే ఉంది.