కరకంబాడి రాక్ బ్యాండ్

చెంగల్రాయుడిది కరకంబాడి. తిరుపతిలో ఒక లాడ్జిలో గుమాస్తా. మద్రాసులో ఓ కచేరీలో ఎలక్ట్రిక్ గిటారు విని వచ్చి, 1978లో తనూ ఒకటి కొన్నాడు. పెళ్లి మేళాల్లో డ్రమ్ములు వాయించే మునస్వామిని పిలిచాడు. పాడటానికి భార్య పంకజాక్షి ఒప్పుకుంది. ఆమె అతని మేనమామ కూతురే. ఊరి పేరే బ్యాండుకు పెట్టారు. సినిమా పాట ఒక్కటి కూడా వాయించకూడదని, అన్నీ సొంత పాటలే ఉండాలని చెంగల్రాయుడు నియమం పెట్టాడు.

మొదటి కచేరీ ఐరాలలో ఒక పెళ్లికి. రెండో పాట మధ్యలో పెళ్లికూతురి మేనమామ ఓబయ్య లేచి వచ్చాడు.

"ఇది యే సినిమాలోది అప్పా?"

"సినిమాది కాదు. మాదే."

"మీది మీ ఇంట్లో పాడుకోవాల గానీ, ఈడ పాడితే ఎట్లబ్బా?"

ఆ మాటలో తప్పేమీ కనబడక మునస్వామి వాయించడం ఆపేశాడు. నాదస్వరం వాళ్లని మళ్లీ కూర్చోబెట్టారు. వీళ్లకి భోజనం మాత్రం మర్యాదగానే పెట్టారు.

ఆ తర్వాత కూడా ఏ ఊరివాళ్లూ రెండోసారి పిలవలేదు. ఒకనాడు నగరిలో బస్సు టాపు మీదికి స్పీకరు ఎక్కిస్తూ చెంగల్రాయుడు జారిపడ్డాడు. ఎడమ చెయ్యి విరిగింది. ముగ్గురూ కచేరీ మానుకుని, విరిగిన ఎముకలకు కట్లు కట్టే పుత్తూరు పోయి అతని చేతికి కట్టు కట్టించారు. అక్కడి వరండాలో, కాలికి కట్టుతో పడుకున్న వరదమ్మ అనే పెద్దావిడ పంకజాక్షిని పలకరించింది.

"పాటలు పాడతావంట గదమ్మా. ఏదన్నా పాడు. నొప్పికి పొద్దు పోలా."

"సినిమా పాటలు పాడనమ్మా."

"ఏదో ఒకటి పాడు తల్లీ. మేము యాడికీ లేచి పోలేము గదా."

రాని బస్సు కోసం ఎదురుచూడటం మీద భర్త కట్టిన పాట పంకజాక్షి పాడింది. మునస్వామి బెంచీ మీద దరువు వేశాడు. వరండా అంతా పాటను చివరిదాకా విన్నది. మళ్లీ పాడమన్నారు కూడా. చెంగల్రాయుడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కుడి చెయ్యి బాగానే ఉంది.

కట్లు విప్పించుకుని ఊళ్లకు పోయినవాళ్లు ఆ పాటను వెంట తీసుకుపోయారు. మరుసటి ఏడాది చిత్తూరులో కాలేజీ వార్షికోత్సవంలో వెనక వరసల వాళ్లు బస్సు పాట కావాలని కేకలేశారు. అప్పటినుంచి జాతరలకూ పిలుపులు వచ్చాయి. మద్రాసు నుంచి ఒక క్యాసెట్ల కంపెనీ మనిషి వచ్చి, ఒక వైపు సొంత పాటలు, రెండో వైపు సినిమా పాటలు పాడమన్నాడు. చెంగల్రాయుడు అతనికి కాఫీ ఇప్పించి బస్టాండుదాకా వెళ్లి సాగనంపాడు.

1985లో మునస్వామికి దేవస్థానంలో ఉద్యోగం వచ్చింది. అలాంటి ఉద్యోగం వదులుకోమని చెప్పే మనిషి తిరుపతిలో ఇంకా పుట్టలేదు. చెంగల్రాయుడు శాలువా కప్పి పంపాడు. డ్రమ్ములు ఇంట్లో ఓ మూల దుప్పటి కింద ఉండిపోయాయి. కొన్నాళ్లు చూసి పంకజాక్షి ఆ దుప్పటి తీసి, స్టూలు మీద కూర్చుని వాయించింది. తాళం ఎక్కడా తప్పలేదు.

"ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఇన్నేండ్లు ఆయప్ప పక్కనే నిలబడి పాడినాను గదా బావా. నాకు చెవుల్లేవా?"

"మరి పాడేదెవరు?"

"నువ్వే పాడు."

అతని గొంతు బాగుండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. కానీ శనివారం పుంగనూరులో కచేరీ ఒప్పుకుని ఉన్నారు కాబట్టి, తలుపులు మూసి సాధన మొదలుపెట్టారు.