ఓబుళమ్మ చేతులు

ఎర్రగుంట్ల బడిలో మధ్యాహ్న భోజనం వండే ఓబుళమ్మ రోజూ నూట నలభై కోడిగుడ్లు ఒలుస్తుంది. బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పితే చాలు, పెంకు పొరతో సహా ఊడి వస్తుంది. పని కాగానే చింతపండు, సబ్బు పెట్టి మణికట్టు దాకా చేతులు తోముకుంటుంది. వేళ్ల సందులు ఎప్పుడూ పగిలే ఉంటాయి. ఇంట్లో ఆరేళ్ల మనవరాలు లిఖితకు పప్పు, పాలు, గుడ్డు పడవు. తింటే ఒంట్లో విషమవుతాయి. అన్నం కూడా తూచే పెట్టాలి. ఓబుళమ్మ తన తమ్ముడికే ఇచ్చి చేసిన కూతురి పిల్లలిద్దరికీ పుట్టుకతో వచ్చిన జబ్బు అది. చిన్నదానికి రక్తపరీక్ష చేసి డాక్టరు చెప్పేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. అంతకు ముందు, నీరసంగా ఉండే పెద్దదానికి బలం వస్తుందని ఓబుళమ్మే రోజూ ఒక గుడ్డు కొంగున కట్టి తెచ్చి తినిపించేది. ఆ పిల్ల నాలుగేళ్లకే పోయింది.

మొన్న బడిలో నీళ్లు రాక, చేతులు కడుక్కోకుండానే ఇంటికొచ్చింది. లిఖిత ఆమె కుడిచేతిని లాక్కుని ముక్కుకు ఆనించుకుంది.

"తిననులే అవ్వా. వాసన చూస్తాండా, అంతే."

ఓబుళమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అక్క తినేదంట గదా, నువ్వు తెస్తే. ఇష్టంగా తినేదా?"

"శానా ఇష్టంగా తినేది," అంది ఓబుళమ్మ.